జూలై 4 గడిలో నలుగురు

గ్రూప్-2కి చదువుతున్న మిత్రులకు నమస్తే. హిస్టరీ అంటే ఇష్టమే కానీ తేదీలు మాత్రం నిలవట్లేదని బాధపడేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. నాదీ అదే బాధ. నోట్స్‌లో ఎడమవైపు తేదీ, కుడివైపు సంఘటన, ఇలా పదకొండు పేజీల పట్టిక రాసుకున్నాను. పొద్దున చదివితే సాయంత్రానికి సగం పోయేది. చిక్కడపల్లి లైబ్రరీలో నా పక్కన కూర్చునే అన్న ఆ పట్టిక చూసి, "ఇది కిరాణా చిట్టీలా ఉంది తమ్ముడూ" అన్నాడు. నిజంగా అలాగే ఉండేది.

పండక్కి ఇంటికి వెళ్లినప్పుడు వంటింట్లో గోడ క్యాలెండర్ చూశాను. మా అమ్మ దాని గడుల్లోనే సంసారమంతా రాస్తుంది. పాలు రాని రోజు ఇంటూ గుర్తు, గ్యాస్ బండ మార్చిన రోజు చిన్న సున్నా, చిట్టీ కట్టే రోజు చుట్టూ గీత. చదువు ఏడో తరగతితో ఆగిపోయినా, పోయిన వేసవిలో బండ ఎప్పుడొచ్చిందో ఠక్కున చెబుతుంది. ఆ రోజు ఎవరెవరు ఇంట్లో ఉన్నారో, ఏం వండిందో కూడా చెబుతుంది. తేదీ ఆమెకు ఒంటరిగా గుర్తుండదు, పక్కన ఇంకోటి ఉంటేనే గుర్తుంటుంది.

రూముకి వచ్చాక మెస్‌లో ఇచ్చిన క్యాలెండర్ మీద నేనూ మొదలుపెట్టాను. పట్టిక చింపేసి, ఏ తేదీ సంఘటన ఆ గడిలో రెండు మూడు ముక్కల్లో రాయడం. వారం తిరక్కుండానే కొన్ని గడుల్లో చోటు చాల్లేదు. జూలై 4 చూడండి. 1897లో అల్లూరి సీతారామరాజు పుట్టింది ఆ రోజే. 1946లో కడవెండిలో విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల కాల్పుల్లో దొడ్డి కొమరయ్య చనిపోయిందీ ఆ రోజే. స్వామి వివేకానంద కన్నుమూసింది 1902 జూలై 4న, పింగళి వెంకయ్య 1963 జూలై 4న. ఒక్క గడిలో ఒక పుట్టుక, మూడు చావులు. పట్టికలో ఈ నలుగురూ నాలుగు వేర్వేరు పేజీల్లో ఉండేవాళ్లు. ఆగస్టు 22 కూడా అంతే. 1922లో అల్లూరి దళం చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద పడింది. 1948లో 'ఇమ్రోజ్' సంపాదకుడు షోయబుల్లాఖాన్ మీద 21 రాత్రి దాడి జరిగితే 22న ప్రాణం పోయింది. నవంబర్ 29న 1947లో నిజాంకూ భారత ప్రభుత్వానికీ యథాతథ ఒప్పందం (ఉన్న స్థితి ఉన్నట్టే కొనసాగాలన్నది), 2009లో కేసీఆర్ దీక్ష మొదలు.

ఇది చదివి రేపే క్యాలెండర్ కొనుక్కునేవాళ్లు ఒక్క నిమిషం ఆగండి. దీంతో నేను గట్టిగానే దెబ్బతిన్నాను.

రెండు నెలల తర్వాత ఒక గ్రాండ్ టెస్ట్ రాశాను. కాలక్రమంలో అమర్చమని ఒక బిట్: పెద్దమనుషుల ఒప్పందం (ఆంధ్ర, తెలంగాణ నాయకుల మధ్యది), కొమరయ్య మరణం, ఆంధ్ర రాష్ట్ర అవతరణ, శ్రీబాగ్ ఒడంబడిక (కోస్తా, రాయలసీమ నాయకుల మధ్యది). నాలుగూ నాకు తేదీలతో సహా వచ్చు. ఫిబ్రవరి 20, జూలై 4, అక్టోబర్ 1, నవంబర్ 16. ధీమాగా ఆ వరుసే పెట్టి వచ్చాను. కీ చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియలేదు. శ్రీబాగ్ 1937, కొమరయ్య 1946, ఆంధ్ర రాష్ట్రం 1953, పెద్దమనుషుల ఒప్పందం 1956. అంటే మొదట రావాల్సింది చివర, చివర రావాల్సింది మొదట రాశాను! గడిలో తేదీ పెద్దగా, సంవత్సరం చిన్నగా రాసుకున్నందుకు వచ్చిన తిప్పలు ఇవి. పరీక్షలో తేదీని నేరుగా అడగడం తక్కువ. వరుస అడుగుతారు, జతపరచమంటారు, "కింది వాటిలో సరికానిది" అంటారు. అన్నిటికీ సంవత్సరమే ఆధారం.

అందుకని క్యాలెండర్‌ని తీసేయకుండా ఒక మార్పు చేశాను. ప్రతి గడిలో తేదీకి ముందు "ఎందుకు ఆ రోజే?" అని ప్రశ్న వేసుకోవడం. జవాబు లేని చోట వదిలేయడం. ఉన్న చోట మాత్రం సంవత్సరాలు వాటంతటవే వరుసలో పడతాయి.

జనవరి 26నే తీసుకోండి. రాజ్యాంగ సభ రాజ్యాంగాన్ని ఆమోదించింది 1949 నవంబర్ 26న. మరి రెండు నెలలు ఆగడం దేనికి? 1929 డిసెంబర్ ఆఖర్న లాహోర్ కాంగ్రెస్ పూర్ణ స్వరాజ్ కావాలని తీర్మానించి, 1930 జనవరి 26న దేశమంతా స్వాతంత్ర్య దినం జరపమంది. ఆ రోజు మరుగున పడిపోకూడదని 1950లో అదే తేదీకి రాజ్యాంగాన్ని అమల్లోకి తెచ్చారు. ఈ ఒక్క ప్రశ్నతో 1929, 1930, 1949, 1950 నాలుగూ దారంలో పూసల్లా వచ్చేశాయి. పాలిటీ చదివేవాళ్లకు ఇక్కడే ఇంకో మెలిక: పౌరసత్వం, ఎన్నికల సంఘం లాంటి కొన్ని అధికరణలు నవంబర్ 26నే అమల్లోకి వచ్చాయి. 394వ అధికరణ చూడండి. "రాజ్యాంగం మొత్తం 1950 జనవరి 26న అమల్లోకి వచ్చింది" అని ఇస్తే అది తప్పు వాక్యం.

ఏప్రిల్ 6 కూడా ఇలాంటిదే. గాంధీ 1930 మార్చి 12న సబర్మతిలో బయలుదేరి ఏప్రిల్ 5కే దండి చేరుకున్నారు. ఉప్పు మాత్రం మర్నాడు చేతిలోకి తీసుకున్నారు. 1919లో రౌలట్ చట్టానికి వ్యతిరేకంగా దేశమంతా హర్తాళ్ జరిగింది ఏప్రిల్ 6న, జలియన్‌వాలాబాగ్ ఏప్రిల్ 13న. ఆ రెంటి మధ్య వారాన్ని కాంగ్రెస్ ఏటా జాతీయ వారంగా జరిపేది. 1930 ఉప్పు సత్యాగ్రహాన్ని ఆ వారం మొదటి రోజుకు సరిపోయేలా పెట్టుకున్నారు. 1905 ఆగస్టు 7న కలకత్తా టౌన్ హాల్ సభలో స్వదేశీ ఉద్యమం మొదలైనందుకే 2015 నుంచి ఆ రోజు జాతీయ చేనేత దినోత్సవం అయింది. కరెంట్ అఫైర్స్‌లో "దినోత్సవాలు" అని బట్టీ కొట్టే జాబితాలో చాలావాటికి ఇలాంటి పాత లింకు దొరుకుతుంది.

పొట్టి శ్రీరాములు గారి దగ్గర మాత్రం వేళ్లు మడిచి లెక్కపెట్టుకున్నాను. 1952 అక్టోబర్ 19న మద్రాసులో బులుసు సాంబమూర్తి ఇంట్లో దీక్ష మొదలు. అక్టోబర్‌లో 13 రోజులు, నవంబర్ 30, డిసెంబర్ 15. మొత్తం 58. డిసెంబర్ 15 రాత్రి ఆయన పోయారు. నెహ్రూ లోక్‌సభలో ఆంధ్ర రాష్ట్రం ప్రకటించింది 19న. దీక్ష మొదలైన రోజు నుంచి సరిగ్గా రెండు నెలలు, ఆయన పోయాక నాలుగు రోజులు. రాష్ట్రం వచ్చింది 1953 అక్టోబర్ 1న. ఆ నాలుగు రోజుల గురించి ఆలోచిస్తే ఆ రాత్రి ఇంకేమీ చదవబుద్ధి కాలేదు.

1948ని కూడా ఇలా రోజుల మధ్య దూరాలతోనే పట్టుకున్నాను. ఆగస్టు 22 షోయబుల్లాఖాన్, అయిదు రోజులకు 27న బైరాన్‌పల్లిలో రజాకార్ల మారణకాండ, సెప్టెంబర్ 11న పాకిస్తాన్‌లో జిన్నా మరణం, 13న భారత సైన్యం రాక, 17న నిజాం లొంగుబాటు ప్రకటన, 18న నిజాం సేనాధిపతి జనరల్ ఎల్ ఎద్రూస్ భారత సేనల అధికారి జె.ఎన్. చౌదరి ముందు లాంఛనంగా లొంగిపోవడం. 17, 18 తేడా చాలామంది వదిలేస్తారు. సెప్టెంబర్ 17ను ఏ పేరుతో జరపాలన్న గొడవ మీకు తెలిసిందే. 2022లో కేంద్రం విమోచన దినం అంది, తెలంగాణ ప్రభుత్వం జాతీయ సమైక్యతా దినం అంది, 2024లో రాష్ట్రంలో అది ప్రజా పాలన దినోత్సవం అయింది. ఏ పేరు సరైందో తర్వాత వాదించుకోవచ్చు, ఏ ఏడాది ఎవరు ఏ పేరు పెట్టారో మాత్రం రాసిపెట్టుకోండి.

ఒక పేరు నా క్యాలెండర్‌లో ఏ గడిలోనూ కూర్చోలేదు. నిజాం మీద పోరాడిన గోండు నాయకుడు కొమురం భీం. ఆయన చనిపోయింది ఒక పుస్తకంలో ఒక తేదీ, ఇంకో పుస్తకంలో ఇంకోటి. విసుగొచ్చి ఫోన్లో అమ్మతో మాట్లాడుతూ వేరే ఏదో అడిగినట్టు, "తాత సంవత్సరీకం ఏ తేదీ అమ్మా?" అన్నాను.

"తేదీ ఏంది రా, మాఘ బహుళ నవమి. ఏ తారీఖు పడ్డదో క్యాలెండర్ చూసి చెప్తా."

అప్పుడు వెలిగింది. జోడేఘాట్‌లో భీం వర్ధంతి జరిగేది ఆశ్వయుజ పౌర్ణమి నాడు, ఏటా తారీఖు మారుతుంది. అక్కడి గోండులు ఆయన్ని తిథితో గుర్తుపెట్టుకున్నారు. నేను 1940, ఆశ్వయుజ పౌర్ణమి, జోడేఘాట్ అని మూడు ముక్కలు రాసి ఊరుకున్నాను. జనం పోలీస్ స్టేషన్ తగలబెట్టిన చౌరీచౌరా ఘటన కూడా కొన్ని పుస్తకాల్లో ఫిబ్రవరి 4, కొన్నింట్లో 5. అక్కడ కూడా 1922 గట్టిగా పట్టుకుని, దాని తర్వాత ఫిబ్రవరి 12న బార్డోలీలో సహాయ నిరాకరణ ఉద్యమం ఆపేశారన్నది గుర్తుంచుకుంటే చాలు. తేదీ కోసం కొట్టుకోవద్దు.

శాతవాహనులకు, కాకతీయులకు ఈ పద్ధతి పనికిరాదు. అక్కడ శాసనాలు, రాజుల వరుస, అంతే. నేను ఆ భాగం ఇప్పటికీ కష్టంగానే లాగుతున్నాను. పరీక్షకు పది రోజుల ముందు క్యాలెండర్‌లో కొత్తవి రాయడం ఆపేసి, రోజుకో నెల షీటు చేత్తో మూసి గడుల్లో ఏముందో పైకి చెప్పుకునేవాణ్ని. నా రూమ్మేట్‌కి చిరాకేసి ఇయర్‌ఫోన్స్ కొనుక్కున్నాడు.

ఏడాది అయిపోయాక ఆ షీట్లు ఊరికి తీసుకెళ్తే అమ్మ చెల్లి పుస్తకాలకు అట్టలేసింది. ఆగస్టు సోషల్ పుస్తకానికి పడింది, డిసెంబర్ లెక్కలకి. జూలై మాత్రం బీరువా అరలో పరిచింది, దాని మీద ఇప్పుడు నా హాల్ టికెట్ల ఫైలుంది.