జొటేరోలో అక్కరలేని లంకెలు తొలగించిన వైనం

చెన్నైలో మేము కొందరం తెలుగు పరిశోధకులం కలిసి, కాశీనాథుని నాగేశ్వరరావు 1924లో ఇక్కడే ప్రారంభించిన ‘భారతి’ మాసపత్రికలోని వ్యాసాల వివరాలను, పుస్తకాల, వ్యాసాల సమాచారం భద్రపరచుకునే జొటేరో అనే సాఫ్ట్‌వేర్‌లో, అందరం పంచుకునే ఒక గ్రూప్ లైబ్రరీగా చేర్చుకుంటున్నాము. ఆ పని నా చేతికి వచ్చేనాటికి ఏ వ్యాసం తెరిచినా కుడివైపు ‘రిలేటెడ్’ విభాగంలో దానికి లంకె పెట్టిన వ్యాసాల పేర్లు పదుల కొద్దీ బారులు తీరి ఉండేవి. ఎంచుకున్న వ్యాసాలన్నింటినీ ఒకదానితో ఒకటి ముడిపెట్టే జుటిలో అనే ప్లగిన్‌తో (జొటేరోకు అదనంగా తగిలించుకునే చిన్న ప్రోగ్రాముతో), ఒకే విషయానికి చెందినవాటిని లోగడ ఎవరో మూకుమ్మడిగా కలిపేశారు. నలభై వ్యాసాలను అలా కలిపితే ఏర్పడే జంటలు 780. విషయాన్ని బట్టి వర్గీకరించడానికి టాగులు, కలెక్షన్లు ఉండగా లంకెలను అందుకు వాడడం నా దృష్టిలో వృథా. ఒక వ్యాసానికీ దానికి వచ్చిన ఖండనకూ మధ్య ఉన్నది లంకె. రెండూ ఛందస్సు గురించే కావడం లంకె కాదు.

పేరు పక్కనున్న మైనస్ గుర్తు నొక్కితే లంకె తెగిపోతుంది, అవతలి వ్యాసంలోనూ దానంతటదే పోతుంది. ఇంతవరకు సులువే. చిక్కేమిటంటే ఆ జాబితాలో శీర్షిక తప్ప రచయిత పేరు గాని సంవత్సరం గాని కనిపించవు. పాత పత్రికల్లో ‘సమాధానము’, ‘ప్రత్యుత్తరము’ అనే శీర్షికలకు కొదవ లేదు కనుక ఏది ఎవరిదో తెలియదు. తెలుసుకుందామని పేరు మీద నొక్కితే జొటేరో మనల్ని ఆ వ్యాసానికే తీసుకుపోతుంది, అప్పుడు బయలుదేరిన చోటును మళ్ళీ వెతుక్కోవాలి. పైగా అన్నింటినీ ఒకేసారి తీసేసే బటన్ ఏదీ నాకు కనబడలేదు.

అంతకుముందు ఈ పని చూసిన సీనియర్‌కు ఫోన్ చేసి, “అక్కా, వీటన్నిటినీ తీసేయమంటారా?” అని అడిగాను. “వాదప్రతివాదాలు మాత్రం ముట్టుకోకమ్మా, మిగతావి నీ ఇష్టం” అన్నారు. ఆమె మాట సబబుగానే తోచింది. మానవల్లి రామకృష్ణకవి 1909లో నన్నెచోడుని కుమారసంభవాన్ని ప్రకటించి, ఆ కవి నన్నయకు ముందువాడన్నప్పటి నుంచి దశాబ్దాల పాటు సాగిన చర్చలో, ఏ వ్యాసం దేనికి జవాబో తెలియకపోతే చదివిన ఫలం దక్కదు.

అందుచేత ముందుగా ఒక్కొక్క చర్చకు ‘వాదం’ అనే మాటతో మొదలయ్యే వేరువేరు టాగులు పెట్టాను. కాలం పట్టినదంతా ఇక్కడే, ఎందుకంటే వ్యాసం తిరగేయకుండా అది జవాబా కాదా అని తేల్చడం కుదరదు. ఆ తరువాత సెట్టింగ్స్‌లో ఆటోమేటిక్ సింక్ ఆపి, జొటేరోను పూర్తిగా మూసి, మొత్తం డేటా ఫోల్డర్‌కు నకలు తీసి పెట్టుకున్నాను. సింక్ ఆపకపోతే పొరపాటున తెగిన లంకెలు సర్వర్‌కు, అక్కడి నుంచి తోటివాళ్ళ కంప్యూటర్లకు చేరిపోతాయి. అప్పుడు నా దగ్గరి నకలు ఒక్కటే ఉండి లాభం లేదు.

టూల్స్ మెనూలోని డెవలపర్ విభాగంలో ‘రన్ జావాస్క్రిప్ట్’ అనే కిటికీ ఉంది, మనం రాసిన ఆదేశాలను (స్క్రిప్టును) జొటేరో చేత నడిపించేది. ఎంచుకున్న ప్రతి వ్యాసానికీ ఉన్న లంకెలను వరుసగా చూసి, రెండు వైపులా ఒకే ‘వాదం’ టాగు ఉంటే వదిలేయమనీ, లేకపోతే తెంచమనీ అందులో చిన్న స్క్రిప్టు రాశాను. మైనస్ గుర్తు నొక్కినప్పుడు రెండు వైపులా తొలగించే బాధ్యత జొటేరోదే గాని, స్క్రిప్టులో ఆ బాధ్యత మనది. ప్రతి వ్యాసమూ తన లంకెలను తన దగ్గరే విడిగా దాచుకుంటుంది కనుక ఇటువైపు ఒకసారి, అటువైపు ఒకసారి తీసేసి రెండింటినీ సేవ్ చేయాలి. ఒకవైపే తీస్తే లంకె సగం తెగి, ఒక వ్యాసంలో కనిపిస్తూ రెండోదానిలో కనిపించకుండా ఉండిపోతుంది.

మొదట కొద్దిపాటి వ్యాసాల మీదే నడిపి చూశాను. ఆ పరీక్షలోనే ఒక సంగతి బయటపడింది: పుస్తకాలకూ వాటిలోని అధ్యాయాలకూ మధ్య ఉన్న లంకెలకు ‘వాదం’ టాగు లేదు కాబట్టి అవి కూడా తెగిపోతున్నాయి. నకలును యథాస్థానంలో పెట్టి, ఒకవైపు పుస్తకమూ మరొకవైపు అధ్యాయమూ ఉంటే వదిలేయమని ఇంకొక షరతు చేర్చాక గాని మిగతావాటి జోలికి పోలేదు. సొంత లైబ్రరీ నుంచి గ్రూప్‌లోకి లాగినప్పుడు ఏర్పడే సంబంధం మాత్రం రిలేటెడ్ జాబితాలో కనిపించేది కాదు, వేరే రకం. ఈ స్క్రిప్టు దాన్ని తాకదు.

సింక్ తిరిగి ఆన్ చేసే ముందు తోటివాళ్ళందరికీ కబురు చేశాను. ఇప్పుడు నన్నెచోడుని మీది వ్యాసం తెరిస్తే దాని ఖండనలూ, వాటికి సమాధానాలూ మాత్రమే రిలేటెడ్‌లో కనిపిస్తున్నాయి. ‘వాదం’ టాగులను తీసేయలేదు. కొత్త వ్యాసం చేర్చినవారు ముందు ఆ టాగు పెట్టి, తరువాతే ప్లస్ గుర్తు నొక్కి లంకె కలపాలని అందరం అనుకున్నాము.