పెద్దాయన వెంట నలభై రోజులు

మన సంచికకు హాస్టల్ జ్ఞాపకాలు రాసి పంపమని కబురు వచ్చినప్పుడు, నా ఈడువాళ్లలో సగం మంది హార్స్‌లీ కొండల విహారయాత్ర గురించి, మిగతా సగం గోడ దూకి రెండో ఆట సినిమాకు పోయిన రాత్రుల గురించి రాస్తారని నాకు తెలుసు కనుక ఆ రెండింటినీ వాళ్లకే వదిలేస్తున్నాను. నేను రాయదలచుకున్నది 1985వ సంవత్సరపు శ్రమకాలం గురించి, అంటే ఈస్టర్‌కు ముందు క్రైస్తవులు ఉపవాస ప్రార్థనలతో గడిపే రోజుల గురించి. అప్పుడు నేను తొమ్మిదో తరగతి. ఆ ఏడు శ్రమకాలం మొదలయ్యే భస్మ బుధవారం ఫిబ్రవరి 20న, ఈస్టర్ ఏప్రిల్ 7న. ఆదివారాలు తీసేస్తే మధ్యలో సరిగ్గా నలభై రోజులు. ఆ రోజుల్లో ప్రతి బుధవారమూ శుక్రవారమూ పొద్దు గూకాక, మదనపల్లె మిషన్ కాంపౌండు చుట్టుపక్కల వీధుల్లోనూ ఊరవతలి పల్లెల్లోనూ ఇళ్లలో జరిగే ప్రార్థన కూటాలకు వెళ్లే ఒక సంఘపెద్ద వెనక మూడు సెల్లుల టార్చిలైటు పట్టుకుని నడవడం నా పని.

భక్తి కొద్దీ నేనందుకు ముందుకు రాలేదు. స్టోరు గదిలో చెనిక్కాయల మూటకు కన్నం పెట్టింది నేనేనని రుజువైంది. శ్రమకాలం మొదలవబోతూ ఉంది కనుక కొట్టడం బాగుండదనుకున్నారో ఏమో, వార్డెన్‌గారు నన్ను పెద్దాయనకు అప్పగించారు.

ఆయనకు బజారులో చిన్న టైలరు అంగడి ఉండేది. బజారులో టైలరు, చర్చిలో పెద్దాయన; అసలు పేరుతో ఆయనను పిలిచినవారిని నేను వినలేదు. చెవి మీద పెన్సిలు, చొక్కా నిండా దారపు ముక్కలు, చంకలో అట్ట ఊడిన ఒక కొలతల పుస్తకం. ఆ పుస్తకాన్ని ముందు నుంచి తెరిస్తే నడుము, తొడ, పొడవు అని ప్యాంట్ల కొలతలు ఉండేవి. తిప్పి వెనక నుంచి తెరిస్తే సంఘంలోని కుటుంబాల పేర్లు, వాటికెదురుగా సున్నాలు, ఇంటూలు, టిక్కులు. ఈస్టర్‌కు అందరూ కొత్తబట్టలు కుట్టించుకునే రోజుల్లో, అంటే ఆయనకు నాలుగు డబ్బులు ఎక్కువ వచ్చే ఆ నెలన్నరలోనే, దీపాలు పెట్టేవేళకు అంగడి తలుపులు వేసి ఇళ్లు తిరగడానికి బయలుదేరేవారు. అది ఎంత నష్టమో నాకప్పుడు తోచలేదు. సొంతంగా సంపాదించడం మొదలుపెట్టాక తోచింది.

హాస్టల్‌లో శ్రమకాలం అంటే శుక్రవారం రాత్రి పస్తు. ఆ పూట బియ్యం వంటమనిషి కొలిచి వేరే డబ్బాలో పోసేది. దానికితోడు ఇళ్లల్లో అమ్మలు అన్నానికి ఎసరు పెట్టేముందు తీసిపెట్టిన పిడికెడు బియ్యం ఆదివారం గుడికి వచ్చేవి. అన్నీ కలిపి అమ్మగా వచ్చిన డబ్బుతో ఆరోగ్యవరం శానిటోరియంలోని రోగులకు పండ్లూ పాలూ పంపేవారు. 1915 నుంచి క్షయరోగులకు ఆశ్రయమిస్తూ వచ్చిన ఆ ఆసుపత్రి మనకు నడక దూరమే కావడంతో, మా పస్తు ఎవరి నోటికి చేరుతున్నదో మాకు కళ్లారా తెలిసేది. తెలిసినంత మాత్రాన ఆకలి తగ్గేది కాదనుకోండి. శుక్రవారం రాత్రి తొమ్మిది దాటాక మా వరండాలో చర్చంతా ఆదివారం నాటి సంగటి గురించి, అందులోకి ఊరిబిండి చేస్తారా పులుసు పెడతారా అనే విషయం గురించే సాగేది.

ఆ వయసులో నాకు శ్రమకాలమన్నది మన సంఘంలో ఆదినుంచీ ఉన్న ఆచారమనిపించేది. ఉద్యోగరీత్యా బెంగుళూరు చేరి, అక్కడి తెలుగు సంఘంలో కుదురుకుని, సంఘ చరిత్ర చదవడం మొదలుపెట్టాక ఆశ్చర్యపోయాను. మన ప్రాంతానికి సువార్త తెచ్చినది 1853లో ముగ్గురు స్కడ్డర్ సోదరులు స్థాపించిన ఆర్కాటు మిషను. అది డచ్చి మూలాలున్న అమెరికా రిఫార్మ్డ్ అనే ప్రొటెస్టెంటు సంఘానికి చెందినది. పరిపాలనా పద్ధతిలో ప్రెస్బిటీరియన్, అంటే పెద్దల మండలి నడిపేది. ఆ సంప్రదాయానికి పుట్టినిల్లయిన జ్యూరిక్ నగరంలో 1522లో గొడవ మొదలైనదే శ్రమకాలపు ఉపవాసం మీద. ఒక ముద్రాపకుడి ఇంట్లో, మాంసం ముట్టకూడని రోజుల్లో, పనివాళ్లు మాంసపు సాసేజీలు తిన్నారు. ఆ ఊరి మత సంస్కర్త జ్వింగ్లీ అక్కడే ఉండీ తాను తినలేదు గాని, తరువాత తిన్నవాళ్ల పక్షాన ప్రసంగం చేశాడు. స్కాట్లండు ప్రెస్బిటీరియన్లయితే ఇంకా గట్టివాళ్లు. 1560లో శ్రమకాలంతోపాటు క్రిస్మస్ వంటి పండుగలనూ తీసి పక్కన పెట్టారు. డచ్చివాళ్లు ఈస్టర్‌ను మాత్రం వదులుకోలేదు. అలాంటి వంశంలో పుట్టిన మన సంఘంలో పిల్లలు శుక్రవారం రాత్రి పస్తుండి శ్రమకాల కీర్తనలు పాడటం ఆ పాతకాలపు స్కాట్లండు దొరలెవరైనా చూసి ఉంటే ఏమనేవారో!

ఇది ఎలా జరిగిందో ఊహించడం కష్టమేమీ కాదు. 1901లో ఆర్కాటు మిషను సంఘాలూ స్కాట్లండు మిషను సంఘాలూ ఒకటయ్యాయి. 1908లో కాంగ్రిగేషనల్ సంఘాలు వచ్చి కలిశాయి. 1947 సెప్టెంబరు 27న ఆంగ్లికన్లూ మెథడిస్టులూ కూడా కలిసి దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు బిషప్పులూ, శ్రమకాలపు ఊదారంగు బల్లగుడ్డా, భస్మ బుధవారమూ మనకు సంక్రమించాయి. అయినా పాత వాసన ఒకంతట పోలేదు. భస్మ బుధవారం నాడు మన పాస్టరు అయ్యగారు పేరుకు ఆరాధన జరిపేవారే గాని నుదుట బూడిద పెట్టిన పాపాన పోలేదు. బూడిద ఏదని ఎవరూ అడగనూ లేదు.

మరొక మార్పు నాకు మరీ తమాషాగా తోస్తుంది. ప్రెస్బిటర్ అనే మాటకు గ్రీకులో అర్థం పెద్ద అనే. సంఘాన్ని నడిపేది పెద్దల మండలి కనుక ఆ పేరు వచ్చింది. ఐక్యత తరువాత ఆ మాట అభిషేకం పొందిన అయ్యగారికి బిరుదైపోయింది. ప్రభు భోజనానికి ముందు ఇంటింటికీ వెళ్లి, ఎవరికి ఎవరితో మాటల్లేవో కనుక్కుని, వాళ్లను కలిపే పని మాత్రం, రిఫార్మ్డ్ సంఘాల్లో పెద్దలు తరతరాలుగా చేస్తున్న ఆ పని మాత్రం, మా టైలరు పెద్దాయన దగ్గరే ఉండిపోయింది. నన్నడిగితే మన శ్రమకాలం అన్నది పస్తులో లేదు, ఊదాగుడ్డలో లేదు. ఆ కొలతల పుస్తకం వెనక పేజీల్లో ఉంది.

కూటం జరిగే ఇంట్లో చాప పరిచి, ఒక కీర్తన, ఒక అధ్యాయం, ఒక ప్రార్థన ముగిశాక కాఫీ ఇచ్చేవారు. పెద్దాయన కాఫీ తాగుతూ పుస్తకం తిప్పి చూసుకునేవారు. ఇంటూ గుర్తు ఉన్న ఇల్లు ఆ వీధిలో ఉంటే, అందరూ వెళ్లిపోయాక మేమిద్దరం అక్కడికి వెళ్లేవాళ్లం. గట్టు తగాదాలు, చీటీల బాకీలు, పెళ్లికి పిలవలేదన్న కోపాలు. ఎక్కువ వాటిల్లో ఆయన చేసేదేమీ కనబడేది కాదు. కూర్చునేవారు, వినేవారు, లేచేవారు. వచ్చే బుధవారం మళ్లీ కూర్చునేవారు.

ఆ ఏడు ఆయనకు కొరుకుడు పడనిది ఒకే ఒక ఇల్లు, కాదు, ఒకే గోడకు అటూ ఇటూ ఉన్న రెండిళ్లు. తోడికోడళ్ల తగాదా. అత్తగారు పోతూ పోతూ తన ఇత్తడి బిందెను చిన్నకోడలికి ఇచ్చి పోయింది. పెద్దకోడలు కూతురి పెళ్లికని దాన్ని ఎరువు తీసుకుని, మెడ కింద చారెడంత సొట్టతో తిరిగి పంపింది. చిన్నకోడలు దాన్ని గోడ మీదుగా మళ్లీ ఆ పెరట్లోకే దింపింది. సొట్ట తీయించి ఇస్తే గాని తీసుకోనని ఈమె, ఇచ్చేటప్పటికే సొట్ట ఉందని ఆమె. రెండేళ్లుగా మాటల్లేవు, బిందె పెద్దకోడలి పెరట్లో బోర్లించి ఉంది.

మొదటిసారి వెళ్లినప్పుడు పెద్దకోడలు చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది. పెద్దాయన అందుకోలేదు.

"దప్పిగానే ఉంది గానీ, ఆ బిందెలో నీళ్లయితే తాగుతానమ్మా," అన్నారు.

"దాన్ని ముట్టి రెండేళ్లయింది పెద్దాయనా, కిలుం పట్టిపోయింది," అందామె.

"తోమితే పోతుంది లేమ్మా. నాకేం తొందర లేదు."

పక్కింట్లోనూ ఇదే మాట చెప్పారు. ఆ ఆరు వారాలూ ఆ రెండిళ్లలో ఆయన నీళ్లు ముట్టలేదు. నేను మాత్రం రెండిళ్లలోనూ తాగాను.

ఈలోగా నా సొంత కథ ఒకటి నడిచింది. ఆ ఏడు శ్రీరామనవమి మార్చి 30న, ఈస్టర్‌కు ముందు వచ్చే మట్టల ఆదివారానికి సరిగ్గా ముందురోజు వచ్చింది. మేం నలుగురు కుర్రాళ్లం ఈత మట్టలు కొట్టుకురావడానికి వంక గట్టుకు వెళ్లి, మొదళ్లలోని ముళ్లు చేతుల్లో గుచ్చుకుని, ఎండలో మోపులు మోసుకుంటూ బజారు దారిన వస్తున్నాం. చలువపందిరి కింద పానకం పోస్తున్నారు. మట్టలు దించేదాకా ఏమీ ముట్టకూడదని ఉదయమే మేం నలుగురం ఒట్టు పెట్టుకున్నాం. బెల్లం, మిరియాలు, యాలకుల వాసన తగిలింది. మోపు గోడకు ఆనించి రెండు గ్లాసులు తాగాను. మూడో గ్లాసుకు చేయి చాపుతుంటే పక్కనే పెద్దాయన కనబడ్డారు. ఆయన చేతిలోనూ గ్లాసు ఉంది.

నేను నోరు తుడుచుకున్నాను. ఆయన తాపీగా తాగి, గ్లాసు తొలిచి బోర్లించి, "ఉపాసం అన్నానికి పెట్టుకున్నాం గానీ నీళ్లక్కాదు లేరా అబ్బోడా, తాగు," అన్నారు. పక్కన ఉన్న పందిరివాళ్లు నవ్వారు. ఆ పందిట్లో సగం మంది చొక్కాలు ఆయన కుట్టినవే.

వారం తిరక్కుండానే ఆయన లెక్క తేల్చారు. గుడ్ ఫ్రైడే మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా జరిగే, సిలువ మీద క్రీస్తు పలికిన ఏడు మాటల ఆరాధనలో, ఒక్కో మాటకు వాక్యం చదివే పిల్లలను ఎంపిక చేసింది ఆయనే. నాకు ఐదో మాట ఇచ్చారు. "నేను దప్పిగొనుచున్నాను." ఆరోజు ఏప్రిల్ 5, పెంకుల కింద గాలి కాగిపోయి ఉంది, వరండాలో మట్టికుండ మీద గ్లాసు బోర్లించి ఉంది, ఉదయం నుంచి ఎవరమూ దాని దగ్గరకు పోలేదు. నాలుగో మాట మీద ప్రసంగం చాలా పొడుగు సాగింది. నా వంతు వచ్చి బైబిలు ముందు నిలబడేసరికి నాలుక అంగిటికి అంటుకుపోయి, ఆ రెండు పదాలూ గొంతులోంచి గరగరమని వచ్చాయి. చాలా బాగా చదివానని తరువాత అయ్యగారింటి అమ్మగారు మెచ్చుకున్నారు. ముందు వరుసలో పెద్దాయన మాత్రం తల దించుకున్నారు. ప్రార్థనకో, నవ్వు ఆపుకోవడానికో నాకు నేటికీ తెలియదు. ఆ సాయంత్రం హాస్టల్ గేటు దగ్గర నిలబడితే చైత్ర పౌర్ణమి చంద్రుడు తూర్పున లేస్తున్నాడు. ఈస్టర్ తేదీని కట్టేది వసంతపు పున్నమిని బట్టేనని, అందుకే మన ఉగాదీ శ్రీరామనవమీ ఎన్నో ఏళ్లు శ్రమకాలంలోనే పడతాయని అయ్యగారు మాకు లెక్క వేసి చూపించారు.

అంతకు ముందురోజు, గురువారం రాత్రి ప్రభు భోజనానికి చిన్నకోడలు వచ్చింది, పెద్దకోడలు రాలేదు. పెద్దాయన పుస్తకం తీసి చూసి మూసేశారు.

ఇక మిగిలింది శనివారం. ఈస్టర్ తెల్లవారుజామున సమాధుల తోటలో ఆరాధన కనుక, ముందురోజే ప్రతి కుటుంబమూ తమవాళ్ల సమాధులను కడిగి సున్నం కొట్టడం ఆనవాయితీ. ఆ పనికి వచ్చినవాళ్లకు సాయం చేయడానికి మమ్మల్ని పంపారు. అత్తగారి సమాధి ఒకటే, కోడళ్లు ఇద్దరు. పెద్దకోడలు బోరింగు దగ్గర నుంచి నీళ్లు మోసుకొస్తూ ఉంది. తోమి తోమి బంగారంలా మెరుస్తున్న ఆ బిందెతోనే. సొట్ట అలాగే ఉంది. చిన్నకోడలు కొబ్బరిపీచుతో రాయి రుద్దుతూ ఉంది. ఒకరు పోస్తున్నారు, ఒకరు రుద్దుతున్నారు. వాళ్లు మాట్లాడుకున్నట్టు నాకు వినబడలేదు.

పెద్దాయన నిదానంగా వెళ్లి, పుస్తకం చంకలో ఇరికించుకుని, వంగి దోసిలి పట్టారు. "దప్పిగా ఉందమ్మా," అన్నారు. పెద్దకోడలు బిందె వంచింది. సొట్ట ఉన్న వైపు నుంచి వంచడం వల్లనో, చేయి వణకడం వల్లనో గాని నీళ్లు దోసిట్లో కంటే పక్కకే ఎక్కువ పోయాయి. ఆయన కడుపారా తాగారు. పుస్తకం నానిపోయింది. ముద్దయిన కాగితాలను సమాధి రాయి మీద ఆరబెట్టారు గాని, వెనక పేజీల్లోని టిక్కులూ ఇంటూలూ, ముందు పేజీల్లోని నడుములూ పొడవులూ అన్నీ ఒకే మరకగా కలిసిపోయాయి.

ఆ రాత్రి ఆయన కుట్టవలసిన ఈస్టర్ ప్యాంట్లు ఇంకా నాలుగు మిగిలి ఉన్నాయి. కొలతలు గుర్తున్నంత వరకు కుట్టారు. నాన్న ఊరి నుంచి పంపిన నీలం గుడ్డతో కుట్టిన నా ప్యాంటు వాటిలో ఒకటి. మర్నాడు తెల్లవారుజామున, పడమట ఇంకా చంద్రుడు ఉండగానే, తెల్లటి సమాధుల మధ్య కొవ్వొత్తి పట్టుకుని "క్రీస్తు లేచెను" అని అందరితోపాటు గొంతెత్తి పాడుతున్న నాకు, చీలమండల పైన జానెడు మేర చలిగాలి తగులుతూనే ఉంది.