తీగ ముక్క, పాత బ్రేక్ ఆయిల్, నా తొడలు

ఫీజు కట్టి మన బైకునే రేస్ ట్రాక్ మీద నడిపే రోజుని ట్రాక్ డే అంటారు. దానికోసం మొదటిసారి చెన్నై వెళ్లినప్పుడు నా బండిని ట్రాక్ మీదకే రానివ్వలేదు. శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగట్టుకోట్టైలో ఉంటుంది ఆ ట్రాక్, 3.7 కిలోమీటర్లు, 12 మలుపులు, హైదరాబాద్ నుంచి ఆరొందల కిలోమీటర్ల పైనే. రాత్రంతా మినీ ట్రక్కులో బండిని కనిపెట్టుకుని వెళ్లి, తెల్లారేసరికి చెకింగ్ లైన్లో నిలబడితే, అక్కడి పెద్దాయన వంగి ఇంజన్ ఆయిల్ బోల్టు మీద వేలితో తట్టి "వైర్ ఎక్కడ తంబీ?" అన్నాడు. నాకు ఆ ప్రశ్నే అర్థం కాలేదు.

సంగతేంటంటే, ఆయిల్ డ్రెయిన్ బోల్టు తలకి సన్నటి రంధ్రం వేసి, దాంట్లోంచి స్టీలు తీగ దూర్చి, మెలిపెట్టి ఇంజన్‌కి కట్టాలి. తీగ బోల్టుని ఎప్పుడూ బిగిసే వైపే లాగుతూ ఉండాలి, రెండో వైపు కడితే కట్టనట్టే. ఒక్క బండి ఆయిల్ కారిందంటే వెనకొచ్చే పదిమందీ పడతారు, అందుకే అంత పట్టుదల. పక్క షెడ్డులో ఎవరో కోయంబత్తూరు కుర్రాడు రంధ్రం వేసిన బోల్టు ఒకటి ఇస్తే బతికిపోయాను గానీ, ఈలోపు మొదటి రెండు సెషన్లు, అంటే ట్రాక్ మీదకి వదిలే విడతలు, అయిపోయాయి. ఇంటికొచ్చాక సొంతంగా రంధ్రం వేద్దామని కూర్చుని రెండు డ్రిల్ బిట్లు విరగ్గొట్టాను, అది వేరే కథ.

అద్దాలు, నంబర్ ప్లేటు, సైడ్ స్టాండు, ఇండికేటర్లు ఊడదీయడం, హెడ్‌లైటుకి టేపు వేయడం మాత్రం తెలుసు. ఇంజన్ని చల్లబరిచే కూలెంట్ పారబోసి ఉత్త నీళ్లు పోయాలని ఎవరూ చెప్పలేదు. కూలెంట్ రోడ్డు మీద పడితే జారుడుగా ఉంటుంది, నీళ్లలా తొందరగా ఆరదు. (తిరిగొచ్చాక మళ్లీ కూలెంట్ పోయడం మర్చిపోకండి, లోపల తుప్పు పడుతుంది.)

ఇంతకీ నేను డబ్బు ఎక్కడ తగలేశానంటే సైలెన్సర్ మీద. 155 సీసీ యమహా ఆర్15 బైకుకి పద్నాలుగు వేల సైలెన్సర్! సౌండు బ్రహ్మాండంగా వచ్చింది. ఆ సౌండుతోనే మూడో సెషన్లో, మెయిన్ స్ట్రెయిట్ చివర బ్రేకు నొక్కితే లివర్ మెత్తగా హ్యాండిల్ దాకా వచ్చేసింది. అదృష్టం బాగుండి గడ్డిలోకి పోయి ఆగాను గానీ, గుండె మాత్రం ఇంకో అరగంట ఆగలేదు.

తప్పు ఎవరిదీ కాదు, నాదే. రెండేళ్లుగా బ్రేక్ ఆయిల్ మార్చలేదు. అది గాల్లోని తేమని పీల్చుకుంటూనే ఉంటుంది. కొత్త డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ 230 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టాక 155 దగ్గరే మరగొచ్చు. మరిగితే లోపల ఆవిరి బుడగలు, మనం నొక్కేది ఆ బుడగల్నే, ప్యాడ్లని కాదు. సిటీలో ఎంత తిప్పినా ఇది తెలియదు, ఎందుకంటే అక్కడ బ్రేకుకి చల్లారే టైం దొరుకుతుంది. కొత్త ఆయిల్ సీసా ఖరీదు సైలెన్సర్ బిల్లులో చిల్లర కూడా కాదు.

ఇక ఒళ్లు. జిమ్‌లో చేతులు పెంచుకుని వెళ్లాను, నాలుగు ల్యాపులకే ముంజేతులు రాయిలా బిగుసుకుపోయి క్లచ్ పట్టలేకపోయాను. బండిని పట్టుకోవాల్సింది చేతులతో కాదట, తొడలతో. బ్రేకు వేసినప్పుడు మోకాళ్లతో ట్యాంకుని బిగించకపోతే ఒంటి బరువంతా హ్యాండిల్ మీద పడుతుంది, దాంతో ముందు చక్రం ఏం చెబుతోందో తెలియదు. ఇప్పుడు రోజూ బస్కీలు, నడుముకి ప్లాంకు, వారానికి మూడు రోజులు సైకిలు. స్టాండు మీద నిలబెట్టిన బండెక్కి అటూ ఇటూ జరగడం కూడా ప్రాక్టీసే, మా అమ్మ చూసి దిష్టి తీసినా సరే. చెన్నై ఉక్కపోతలో లెదర్ సూటేసుకుంటే నీళ్లొక్కటే తాగితే చాలదు, ఉప్పేసిన మజ్జిగ ఒక సీసా ఉండాలి.

మలుపుల ప్రాక్టీసుకి శ్రీశైలం ఘాట్‌కి వెళ్లే తమ్ముళ్లకి ఒక్క మాట. అక్కడ మలుపు అవతల ఆర్టీసీ బస్సుంటుంది. ట్రాక్ డే ఫీజు ఎక్కువే, కాదనను, కానీ అక్కడ జెండాలు ఊపే మనుషులూ, అంబులెన్సూ ఉంటాయి. నిజంగా రేసులోనే దిగాలంటే, దేశంలో మోటార్ రేసుల్ని చూసుకునే సంస్థ ఎఫ్‌ఎంఎస్‌సీఐ లైసెన్సు కూడా కావాలి.

సైలెన్సర్ అమ్మేశాను. ఆ డబ్బుతో మెత్తటి రబ్బరు టైర్లు, కొత్త ప్యాడ్లు. పవర్ ఏమీ పెరగలేదు, ల్యాపుకి నాలుగు సెకన్లు తగ్గాయి. ఇప్పుడు సంచిలో ఒక తీగ చుట్ట, రంధ్రం వేసిన బోల్టులు రెండు ఎప్పుడూ ఉంటాయి. పోయినసారి చెకింగ్ దగ్గర బిక్కమొహం వేసుకుని నిలబడ్డ విజయవాడ కుర్రాడికి ఒకటి ఇచ్చాను. వాడింకా తిరిగివ్వలేదు.