ఫిల్టర్‌లో దుమ్ము

ఏసీ మెకానిక్ ఫిల్టర్ బయటికి లాగి చూపించాడు. జాలీ కనిపిస్తే కదా! బూడిదరంగు కంబళిలా దుమ్ము. కుళాయి కింద పెడితే నల్లటి నీళ్లు.

నెల రోజులుగా నాన్నకు రాత్రిళ్లు ఉక్కపోతకి నిద్ర లేదు. నేనేమో రిమోట్ 18కి తగ్గిస్తూ వచ్చాను. గ్యాస్ అయిపోయిందేమో, కొత్త ఇన్వర్టర్ ఏసీ కొనాలేమో అని ఒకటే టెన్షన్.

"గ్యాస్ దానంతటది అయిపోదండీ, లీకుంటేనే తగ్గుతుంది. గాలి ఆడక కాయిల్ మీద ఐసు పట్టింది, అంతే" అన్నాడు.

విజయవాడ ఎండల్లో రెండు వారాలకోసారి ఫిల్టర్ కడుక్కోవాలట. పది నిమిషాల పని. అది చేయక నాన్నను అన్నాళ్లు ఇబ్బంది పెట్టాను.

ఇప్పుడు 24లో పెట్టి, ఫ్యాన్ చిన్నగా తిప్పాను. నాన్న దుప్పటి మెడదాకా లాక్కుని పడుకున్నారు. ఆ గురక వింటూ పక్కనే కూర్చున్నాను.