పార్శిల్ సీల్ వేశాక తూకం రాసిపెట్టుకోండి

‘పెట్టె విప్పితే లోపల ఏమీ లేదు’ అని కస్టమర్ దగ్గర్నుంచి మెసేజ్ వస్తుంది. ఆన్‌లైన్‌లో అమ్మినవాళ్లు వెంటనే ట్రాకింగ్ పేజీ తెరిచి ‘డెలివర్డ్’ అన్నచోట స్క్రీన్‌షాట్ తీసి పంపుతారు. అడిగినదానికి అది జవాబు కాదు. పెట్టె చేరిందని కస్టమరే ఒప్పుకుంటున్నారు. లోపల వస్తువు ఉందా లేదా అన్నదే తగువు. పెట్టె లోపలి సంగతి ట్రాకింగ్‌కి తెలియదు, తూకానికి తెలుస్తుంది.

పెద్ద సార్టింగ్ కేంద్రాల్లో చాలాచోట్ల పార్శిల్ బెల్టు మీద వెళ్తుండగానే దాని బరువు, కొలతలు రికార్డవుతాయి. కొరియర్ వాళ్లు తమ చార్జీ లెక్క కోసం పెట్టుకున్న ఏర్పాటు అది. అమ్మేవాళ్లకు అదే సాక్ష్యం. అందుకే ప్రతి ఆర్డరుకూ మూడు అంకెలు రాసుకోవాలి: వస్తువు బరువు, ఖాళీ పెట్టెతో కలిపి ప్యాకింగ్ సామాను బరువు, సీల్ వేశాక మొత్తం బరువు. ఖాళీ పెట్టె 310 గ్రాములు, సీల్ వేశాక 1,240 గ్రాములు అనుకుందాం. చివరి హబ్‌లో 1,235 గ్రాములు నమోదైతే అక్కడిదాకా వస్తువు లోపలే ఉందన్నమాట. ఆ తర్వాత డెలివరీ బండిలో ఏమైనా జరిగి ఉండొచ్చు కాబట్టి దీనితోనే కస్టమర్‌ది అబద్ధమని తేల్చేయకూడదు. కానీ వెతకాల్సిన చోటు బాగా చిన్నదవుతుంది.

ఇక్కడ చాలామంది పొరపాటు పడేది కొరియర్ బిల్లు దగ్గర. బిల్లులో ఉండేది చార్జీ వేసిన బరువు. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5,000తో భాగిస్తే వచ్చే ఘనపరిమాణ బరువు అసలు బరువుకంటే ఎక్కువైతే, చాలా కొరియర్లు దానికే చార్జీ వేస్తాయి. పైగా ఆ అంకెను పైకి సవరిస్తాయి కూడా. ఆ బిల్లు చూపిస్తే వాదన వీగిపోతుంది. కొరియర్‌కి రాసేటప్పుడు ‘ప్రతి స్కాన్ దగ్గర నమోదైన అసలు బరువు ఇవ్వండి’ అని ఆ మాటలతోనే అడగాలి. మెమరీ కార్డు, ఉంగరం లాంటి కొద్ది గ్రాముల సరుకుకి మాత్రం తూకం ఆసరా కాదు, యంత్రం తేడాలోనే ఆ బరువు కలిసిపోతుంది. వాటికి వీడియో, సీరియల్ నంబర్ తప్ప దారి లేదు.

వీడియో అంటే ప్యాకింగ్ బల్ల పైన కదలకుండా బిగించిన కెమెరా, మధ్యలో ఆపకుండా ఒకే షాట్. వస్తువు మీది సీరియల్ నంబర్ కెమెరాకి దగ్గరగా రెండు మూడు క్షణాలు నిలపాలి. ఫోన్ అయితే *#06# నొక్కి తెర మీద వచ్చే 15 అంకెల ఐఎంఈఐ (ఆ ఫోన్ గుర్తింపు సంఖ్య) చూపించాలి, డబ్బా మీది నంబర్ ఒక్కటే చాలదు. తర్వాత వస్తువు పెట్టెలోకి, టేపు, లేబుల్ అతికించడం, చివరగా తూకం మీద పెట్టి అంకె, లేబుల్ ఒకే ఫ్రేములో కనబడేలా చూడటం. ఒక నిమిషం పని. దీన్ని పాడుచేసేది దాదాపు ఎప్పుడూ ఒకే తప్పు: సీల్ వేశాక వీడియో ఆపేసి, లేబుళ్లు సాయంత్రం అన్నీ కలిపి అతికించడం. అప్పుడు వీడియోలోని పెట్టెకీ, కస్టమర్‌కి చేరిన పెట్టెకీ మధ్య లంకె తెగిపోతుంది.

ఫైలుకి ఆర్డర్ నంబరే పేరుగా పెట్టి, ఫోన్ నుంచి వచ్చిన అసలు ఫైలునే దాచాలి. వాట్సాప్‌లో మామూలు వీడియోగా పంపితే నాణ్యత తగ్గి సీరియల్ నంబర్ చదవలేనంత మసకబారవచ్చు. డాక్యుమెంటుగా పంపితే ఆ ఇబ్బంది లేదు. ఎంతకాలం దాచాలంటే, ఆన్‌లైన్ చెల్లింపుల సేవ పేపాల్‌లో కొన్నవారు డబ్బు కట్టిన రోజు నుంచి 180 రోజుల్లోపు డిస్ప్యూట్, అంటే ఫిర్యాదు, తెరవొచ్చు. వీసా కార్డులకు ‘సరుకు అందలేదు’ అన్న ఫిర్యాదు గడువు సాధారణంగా 120 రోజులే అయినా, దాన్ని అందాల్సిన తేదీ నుంచి లెక్కపెట్టే సందర్భాలున్నాయి, మొత్తం మీద 540 రోజులు దాటకూడదు. ఖరీదైన సరుకు వీడియోలు ఏడాదిన్నర ఉంచడం మంచిదని నా సలహా.

రిటర్న్‌ల దగ్గర నష్టం ఇంకా లోతుగా ఉంటుంది, ఎందుకంటే అక్కడ చాలా షాపుల్లో మనిషి చూడకముందే రీఫండ్ వెళ్లిపోతుంది. ట్రాకింగ్‌లో రిటర్న్ ‘డెలివర్డ్’ అని పడగానే డబ్బు వాపసు ఇచ్చే ఆటోమేటిక్ సెట్టింగే దీనికి తలుపు తీసేది. మోసగాళ్లు రిటర్న్ లేబుల్ మీద బార్‌కోడ్ అలాగే ఉంచి చిరునామా మార్చేస్తారు, దాన్ని ఒక ఉత్త కవరుకి అతికించి పంపుతారు. కవరు మీ ఊళ్లోనే ఇంకెవరికో చేరుతుంది. స్కాన్ మాత్రం చేరినట్టే పడుతుంది. ఇలాంటి అనుమానం వస్తే కొరియర్‌ని మూడు అడగాలి: ఆ రిటర్న్ నమోదైన బరువు, డెలివరీ స్కాన్ జరిగిన చోటి జీపీఎస్ వివరం, సంతకం ఎవరిది. కిలోకు పైగా ఉండాల్సింది 40 గ్రాములని వస్తే విషయం అక్కడే బయటపడుతుంది. సెట్టింగ్ మాత్రం ఈరోజే మార్చండి: రీఫండ్ ‘చేరాక’ కాదు, ‘విప్పి చూశాక’.

విప్పేటప్పుడూ వీడియో ఉండాలి. ముందు సీల్ ఉన్న పెట్టె ఆరు వైపులా, లేబుల్, తూకం, ఆ తర్వాతే కత్తి. లోపల పాత సరుకో నకిలీ సరుకో వస్తే పంపినప్పటి సీరియల్‌తో పోల్చిన ఫొటో తీసి, ఆ పెట్టెనూ సామానునూ తగువు తేలేదాకా పారేయకుండా ఉంచాలి. సీరియల్ లేని వస్తువులకి అతినీల కాంతిలో మాత్రమే కనిపించే సిరాతో చిన్న గుర్తు పెట్టుకోవచ్చు. బట్టలకైతే తీస్తే మళ్లీ పెట్టలేని ట్యాగ్‌ని బయటికి కనబడేచోట వేసి, ‘ట్యాగ్ తీస్తే వాపసు లేదు’ అని అమ్మకం పేజీలోనే రాయాలి. ఒకసారి వేసుకుని తిప్పి పంపడం దీంతో బాగా తగ్గుతుంది.

‘అసలు పార్శిలే రాలేదు’ అన్న ఫిర్యాదు వేరు. అలా అనేవారిలో నిజాయితీపరులు చాలామంది ఉంటారు: పక్కింట్లో ఇచ్చి ఉంటారు, గుమ్మం ముందు పెడితే ఎవరో ఎత్తుకెళ్లి ఉంటారు. కాబట్టి మొదటి జవాబులో ‘మోసం’ అన్న మాట రానివ్వకండి. రేపు ఆ మెసేజ్‌లను తీర్పు చెప్పేవాళ్లు చదువుతారు. ‘పార్శిల్ ఫలానా తేదీన, ఫలానా సమయానికి ఇచ్చినట్టు నమోదైంది. ఇంట్లోవాళ్లనీ, పక్కవాళ్లనీ ఒకసారి అడగండి. మేం కొరియర్‌లో విచారణ వేస్తున్నాం’ అంటే చాలు. విచారణ మాత్రం అదే రోజు వేయాలి, కొరియర్ గడువులు చిన్నవి. ఆర్డర్ పెట్టాక మెసేజ్‌లో చిరునామా మార్చమంటే మార్చొద్దు, రద్దు చేసి కొత్తగా పెట్టమనాలి. లావాదేవీలో ఉన్న చిరునామాకి పంపకపోతే పేపాల్ అమ్మకందారు రక్షణ వర్తించదు. ఖరీదైనవి సంతకంతోనో ఓటీపీతోనో ఇప్పించాలి.

ఇక చార్జ్‌బ్యాక్, అంటే కస్టమర్ తన బ్యాంకులో ఫిర్యాదు చేసి కార్డుతో కట్టిన డబ్బు వెనక్కి రప్పించుకోవడం. ముందు కారణం కోడ్ చూడండి. వీసాలో 13.1 అంటే అందలేదని, 13.3 అంటే చెప్పినట్టు లేదని, 10.4 అంటే కార్డు వాడింది నేను కాదని. 13.3కి డెలివరీ రుజువులు గుట్టలుగా పంపినా ఉపయోగం లేదు, అక్కడ కావాల్సింది అమ్మకం పేజీ, ఫొటోలు, సీరియల్. 10.4కి 2023 ఏప్రిల్ నుంచి ఒక మంచి దారి ఉంది: అదే కార్డుతో 120 నుంచి 365 రోజుల క్రితం జరిగి, మోసమని ఫిర్యాదు రాని రెండు కొనుగోళ్లు చూపించి, వాటితో కనీసం రెండు వివరాలు కలవాలి, అందులో ఒకటి ఐపీ చిరునామా (కొన్నవారి ఇంటర్నెట్ కనెక్షన్ నంబర్) లేదా పరికరం గుర్తింపు అయి ఉండాలి. కాబట్టి ప్రతి ఆర్డరుకీ ఐపీ చిరునామా భద్రపరుస్తున్నారా లేదా అన్నది ఇప్పుడే చూసుకోండి.

బ్యాంకులో ఫైలు చూసేవాళ్లు లింకులు తెరిచి వీడియో చూస్తారని అనుకోవద్దు. వీడియోలోంచి నాలుగైదు ఫ్రేములు తీసి సమయంతో సహా పేజీ మీద అతికించాలి. కాగితాలు నలుపు తెలుపులో చేరే అవకాశం ఉంది కాబట్టి రంగు పూసి చూపించే బదులు గడి గీసి బాణం వేయాలి. మొదటి పేజీలో తేదీల వరుస, బరువులు, సీరియల్. మిగతావి వెనక.

చార్జ్‌బ్యాక్ తెరిచి ఉండగా కస్టమర్ మెత్తబడి ‘మీరే వాపసు ఇచ్చేయండి, నేను ఫిర్యాదు వెనక్కి తీసేసుకుంటా’ అంటే విడిగా రీఫండ్ పంపకండి. బ్యాంకు అప్పటికే ఆ మొత్తాన్ని మీ ఖాతా నుంచి వెనక్కి తీసుకుని ఉంటుంది, మీరు పంపేది రెండోసారి అవుతుంది. ఇవ్వాలనే అనుకుంటే డిస్ప్యూట్‌ని ఒప్పుకోండి, లేదా బ్యాంకులో ఫిర్యాదు ఉపసంహరించుకున్నట్టు రాతపూర్వకంగా తెమ్మని, దాన్ని మీ జవాబుతో జతచేయండి.