సూదిమందు మొదలయ్యాక మా దాంపత్యం: నా అనుభవం

ప్రొస్టేట్ (మగవారిలో మూత్రాశయం కింద ఉండే గ్రంథి) క్యాన్సరని తేలడం, బయాప్సీ, స్కానింగులు, అమలాపురం నుంచి కాకినాడకు తిరగడం, అన్నీ ఇబ్బంది లేకుండానే జరిగిపోయాయి. మూడు నెలలకొకసారి వేసే ల్యూప్రోలైడ్ సూదిమందు మొదలయ్యాకే అసలు కష్టం తెలిసింది. ఈ క్యాన్సరు పెరగడానికి టెస్టోస్టెరాన్ అనే మగ హార్మోను తోడ్పడుతుంది కాబట్టి, ఈ సూదితో రక్తంలో దానిని డెసీలీటరుకు 50 నానోగ్రాముల లోపుకు దించుతారు. ఈ క్యాన్సరు జాడ తెలిపే రక్తపరీక్ష, పీఎస్ఏ, నాకు తగ్గింది. దానితోపాటే కోరిక పూర్తిగా అడుగంటింది, అర్ధరాత్రి ఒళ్ళంతా ఆవిర్లు, చెమటలు పట్టేవి. భార్య పక్కనే ఉన్నా మనసులో చలనం లేకపోవడం నన్ను క్యాన్సరుకంటే ఎక్కువగా కుంగదీసింది.

ఆ మాట డాక్టరుగారిని అడిగిన రోజును నేను మరచిపోలేను. మేమింకా కుర్చీల్లో ఉండగానే తరువాతి రోగిని, అతని కొడుకును లోపలికి పిలిచారు. నేను గొంతు తగ్గించి అడిగితే, ఆయన చీటీ మీద నుంచి తల ఎత్తకుండానే, "మనవలు పుట్టాక ఇంకా ఆ ఆలోచనలేమిటి మాస్టారూ, ప్రాణం దక్కింది చాలదా?" అని గదిలో అందరికీ వినబడేలా అన్నారు. కాంపౌండరు నవ్వాడు. నా భార్య చేతిసంచి తాడును వేలికి బిగించి చుట్టుకుంటూ నేలకేసి చూస్తూ ఉండిపోయింది. ఎదుర్లంక వంతెన దాటి, ముమ్మిడివరం వచ్చేదాకా బస్సులో మేమిద్దరం మాట్లాడుకోలేదు. ముప్పై ఏళ్ళకుపైగా పిల్లలకు పాఠాలు చెప్పిన నాకు, రోగి పరువు కాపాడడం వైద్యంలో భాగమని ఒక వైద్యుడికి చెప్పవలసి రావడం నేటికీ బాధగానే ఉంది.

వేరే ఆసుపత్రిలో ఒక డాక్టరమ్మ తలుపు మూయించి, మా ఇద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడారు. కోరిక దానంతటది పుట్టకపోయినా స్పర్శలోని సుఖం పోదని, ముందు దగ్గరితనంతో మొదలుపెడితే కొందరిలో కోరిక వెనుక వస్తుందని, అంగస్తంభన లేకుండా కూడా భావప్రాప్తి సాధ్యమేనని, కాకపోతే ఎక్కువ సమయం పట్టవచ్చని చెప్పారు. సిల్డెనాఫిల్ (వయాగ్రాలో ఉండే మందు) అంగానికి రక్తప్రసరణకే గాని కోరికను తేదన్నారు. గుండెకు నైట్రేట్ మందులు వాడేవారు దానిని తాకనే కూడదు.

ఇప్పుడు రాత్రివేళ నా భార్య వీపుకు కొబ్బరినూనె రాస్తాను, ఆమె నాకు రాస్తుంది. ఒక్కొక్క రాత్రి అంతటితో సరి, ఒక్కొక్క రాత్రి అంతకు మించి. "మీరు ఇదివరకు ఇంత నిదానంగా ఉండేవారు కాదు" అని ఆమె అన్నప్పుడు నాకెంతో సంతోషం కలిగింది.

మొదటి సూదికి ముందే ఈ సంగతి అడగండి, భార్యను వెంట తీసుకువెళ్ళండి, తలుపు మూయకపోతే మూయమనండి. గోడల మీద రాతలు చూసి మగతనం మందులు కొనకండి. వాటిలో టెస్టోస్టెరాన్ కలిసి ఉంటే బలం క్యాన్సరుకే.