కీ ఎక్కడెక్కడ మిగిలిపోతోంది: నా కెర్నల్ మాడ్యూల్, మూడో వారం

సరదాకి రాస్తున్న లినక్స్ ఎన్‌క్రిప్షన్ మాడ్యూల్ (కెర్నల్‌కి, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయకి, తగిలించే కోడ్) పోయిన వారమే పని చేయడం మొదలుపెట్టింది. ఈ వారం కొత్త కోడ్ దాదాపు లేదు. పని అయిపోయాక కూడా కీ (డేటాకి తాళం వేసే రహస్య అక్షరాలు) మెమరీలో ఎక్కడ దాక్కుంటోందో వెతకడంతోనే సరిపోయింది.

పద్ధతి మొరటుదే. క్యూఎము అనే ఎమ్యులేటర్‌లో 256 ఎంబీ వర్చువల్ మెషీన్, అందులో 32 అక్షరాల ఉత్తుత్తి కీ. దాన్ని లాగాన్ రకం కీగా కీరింగ్‌లో (కెర్నల్ కీలు దాచే చోటు) పెడతాను. ఈ రకాన్ని యూజర్ ప్రోగ్రాములు తిరిగి చదవలేవు. కీ పేరులో కోలన్ (:) లేకపోతే మాత్రం కెర్నల్ ఒప్పుకోదు, అక్కడే అరగంట పోయింది. మాడ్యూల్ తీసేశాక మెమరీ మొత్తం బయట ఫైల్‌లోకి దింపి స్క్రిప్ట్‌తో గాలిస్తాను.

నాలుగు చోట్ల దొరికింది. అనుమానంతో మొదటి 16 అక్షరాలే వెతికితే ఇంకొకటి బయటపడింది! ముందు దాని సంగతే. మెమరీని కాపీ చేసే కేఎంఎమ్‌డప్‌తో తీసుకున్న కాపీని, మెమరీని తిరిగి ఇచ్చేసే మామూలు కేఫ్రీతో వదిలేశాను. కేఫ్రీ ఏదీ చెరపదు. మెమరీ ముక్కలు పంచే స్లబ్ అలొకేటర్ తన ఫ్రీలిస్ట్ పాయింటర్‌ను (తర్వాతి ఖాళీ ముక్క చిరునామా) ఆ ముక్క మధ్యలో రాసుకుంది. అందుకే మొత్తం కీ కోసం వెతికినప్పుడు చిక్కలేదు.

చెరిపి మరీ వదిలే కేఫ్రీ_సెన్సిటివ్ పెడదామనుకున్నాను గానీ, అసలు ఆ కాపీ ఎందుకు? ఇప్పుడు కీ సెమాఫోర్ (కీకి ఉండే ఒక రకం లాక్) పట్టుకుని పేలోడ్‌ను, అంటే కీలోని అసలు అక్షరాలను, నేరుగా సైఫర్‌కి కీ అందించే సెట్‌కీకి ఇస్తున్నాను. ఆర్‌సీయూ లాక్‌తో (పట్టుకున్నంతసేపూ నిద్రపోకూడని తేలిక లాక్) చేస్తే, సెట్‌కీ నిద్రపోవచ్చు కాబట్టి కెర్నల్ తిట్టింది. కీ రివోక్ (రద్దు) అయితే పేలోడ్ నల్ (ఖాళీ పాయింటర్) వస్తుంది, ఆ చెక్ మర్చిపోకూడదు. కీని వెతికే రిక్వెస్ట్_కీని వర్క్‌క్యూలో (కెర్నల్ వెనకాల పనులు చేసే చోటు) పిలిస్తే కీ లేదంటుంది. అది వెతికేది ఆ క్షణంలో నడుస్తున్న ప్రాసెస్ కీరింగుల్లో.

రెండోది స్టాక్‌లో (ఫంక్షన్ తాత్కాలికంగా వాడుకునే మెమరీ). చివర్లో చెరిపే మెమ్‌సెట్ ఉంది కదా అని ధీమా. కంపైలైన కోడ్ చూపించే ఆబ్జ్‌డంప్‌లో చూస్తే ఆ పిలుపే లేదు, ఆ తర్వాత ఆ మెమరీని ఎవరూ వాడట్లేదని కంపైలర్ కొట్టిపారేసింది. కంపైలర్ కొట్టేయలేని మెమ్‌జీరో_ఎక్స్‌ప్లిసిట్‌తో కుదిరింది.

మూడోది కీరింగ్‌లోదే, రివోక్ చేస్తే పోయింది. నాలుగోదానికి రెండు రోజులు తల పట్టుకున్నాను: కీ రాసి ఉన్న నా టెస్ట్ స్క్రిప్టే, పేజ్ క్యాష్‌లో (చదివిన ఫైళ్లను కెర్నల్ మెమరీలో ఉంచుకునే చోటు)!

అయిదోది కీసీటీఎల్ (కీరింగ్‌లో కీ పెట్టే కమాండ్) ప్రాసెస్ వదిలేసిన మెమరీ పేజీలో. కెర్నల్ 5.3 నుంచి ఉన్న, వదిలేసిన మెమరీని చెరిపేసే ఇనిట్_ఆన్_ఫ్రీ=1తో బూట్ చేస్తే మాయమైంది. కానీ అది నా తప్పులనూ కప్పేస్తుంది కాబట్టి టెస్టులప్పుడు ఆఫ్‌లోనే ఉంచుతున్నాను.